రెండు పాత సిస్టమ్స్ ఉన్నాయి, ఏది ఉంచాలి? ఏది ఆపాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. కంపెనీలు కలిసినప్పుడో బ్రాంచీలు కలిపినప్పుడో ఒకే పని చేసే రెండు పాత సాఫ్ట్‌వేర్లు చేతికొస్తాయి కదా, వాటి గురించి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): నమస్తే సార్. మాది మందుల హోల్‌సేల్ కంపెనీ, ప్రైవేట్ లిమిటెడ్, ఐటీ అంత నేనే చూసుకుంట. పోయినేడు మావోళ్లు విజయవాడల ఇంకో హోల్‌సేల్ కంపెనీని కొన్నరు. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విజువల్ బేసిక్ 6 (వీబీ6) అనే పాత ప్రోగ్రామింగ్ భాషల రాసింది, వెనకాల డేటా దాచే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఉంటది. వాళ్లది ఫాక్స్‌ప్రో, అది గూడ పాత డేటాబేస్ సాఫ్ట్‌వేరే. రెండూ చేసేది ఒకటే పని, మూడు నెలల్ల ఒకటి బంద్ చెయ్యి అన్నరు ఎండీ సార్. ఫీచర్లన్నీ ఎక్సెల్‌ల రాసి పోల్చిన, మాదే మంచిగ కనిపిస్తున్నది. అయినా ధైర్యం చాలుతలేదు. ఏమన్న వదిలేసిన్నా?

జవాబు: మీ అనుమానం కరెక్టేనండి, దాన్ని వదలకండి. ఫీచర్ల షీట్‌లో మెనూలో కనిపించేవే వస్తాయి, ఒకే పేరు కనపడగానే రెండు వైపులా టిక్ పడిపోతుంది. ఉదాహరణకి 10కి 1 ఫ్రీ స్కీమ్ చూడండి. ఒక సిస్టమ్‌లో ఫ్రీ స్ట్రిప్‌కి విడిగా ఒక కాలమ్ ఉంటుంది, ఇంకోదాంట్లో అదే మందుని సున్నా రేటుతో రెండో లైన్‌గా కొడతారు. స్కీమ్ రెండిట్లోనూ ఉంది అని మీ షీట్ చెప్తుంది, కానీ డేటా కలిపిన మర్నాడు స్టాక్ తేడా వస్తుంది, ఆర్నెల్ల తర్వాత ఎక్స్‌పైరీ సరుకు వెనక్కొచ్చినప్పుడు క్రెడిట్ నోట్ ఏ రేటుకి ఇవ్వాలి అని గొడవ మొదలవుతుంది. ఇలాంటివి షీట్‌లో దొరకవు, పని జరిగే చోట కూర్చుంటేనే దొరుకుతాయి.

కాబట్టి ముందు విజయవాడ వెళ్లండి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర, గోడౌన్‌లో, అకౌంట్స్‌లో కూర్చోండి. నెలాఖరులో ఒకసారి తప్పకుండా ఉండండి, ఎందుకంటే మామూలు రోజుల్లో ఎవరూ ముట్టుకోని మెనూలు అప్పుడే బయటకొస్తాయి. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏమేం వాడతారు అని అడిగితే అందరూ బిల్లు కొడతాం స్టాక్ చూస్తాం అనే చెప్తారు. అలా కాకుండా ఈ రిపోర్ట్ రేపు రాకపోతే ముందు ఎవరు ఫోన్ చేస్తారు అని అడగండి, అప్పుడు అసలు సంగతులు వస్తాయి. ఒక కంపెనీ రెప్ కి వారం వారం సేల్స్ ఫైల్ వెళ్తూ ఉంటుంది, బ్యాంక్ వాళ్లకి నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ వెళ్తుంది, ఇవన్నీ ఎప్పుడో ఒక ప్రోగ్రామర్ రాసిపెట్టి వెళ్లిపోయినవి, ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు. పక్కన ఎవరైనా సొంతంగా ఎక్సెల్ నడుపుతున్నారేమో కూడా చూడండి. ఎక్కడ ఎక్సెల్ ఉందో అక్కడ సాఫ్ట్‌వేర్ చాలట్లేదని అర్థం, ఈ లెక్క మీ సిస్టమ్‌కి కూడా వర్తిస్తుంది.

ఇంకో పెద్ద సంగతి, ప్రోగ్రామ్‌లో దాక్కున్న రూల్స్. కొనే షాపు డ్రగ్ లైసెన్స్ వివరాలు లేకపోతే బిల్లు పడనీయకుండా ఫాక్స్‌ప్రో కోడ్‌లో ఒక చిన్న చెక్ ఉండొచ్చు. అది మీదాంట్లో లేకపోతే, ఫీచర్లు ఎన్ని ఎక్కువున్నా ఆ ఒక్క విషయంలో వాళ్లదే మేలు. సోర్స్ కోడ్ దొరికితే చదివించండి, దొరక్కపోతే టెస్ట్ కాపీ మీద కావాలని తప్పు బిల్లులు కొట్టి ఎక్కడ ఆపుతుందో చూడండి. ఒక్క రోజు పని అది, చాలామంది చెయ్యరు, నా దృష్టిలో మొత్తం అసెస్‌మెంట్‌లో అంత విలువైన రోజు ఇంకోటి లేదు.

ఇప్పుడు డేటా. ఫాక్స్‌ప్రోలో డిలీట్ అంటే రికార్డ్ పోదు, గుర్తు మాత్రమే పడుతుంది, ప్యాక్ కమాండ్ ఇచ్చేదాకా ఫైల్‌లోనే ఉంటుంది. ఆ గుర్తుని పట్టించుకోని టూల్‌తో డీబీఎఫ్ ఫైల్స్ (ఫాక్స్‌ప్రో డేటా ఉండే ఫైల్స్) లాగితే ఎన్నో ఏళ్ల కింద తీసేసిన పార్టీలు, క్యాన్సిల్ చేసిన బిల్లులు మళ్లీ లేచి కూర్చుంటాయి. రికార్డుల సంఖ్య లెక్కపెట్టేటప్పుడు డిలీట్ గుర్తున్నవి వేరుగా, లేనివి వేరుగా లెక్కపెట్టండి.

పార్టీ మాస్టర్‌లో, అంటే మీ దగ్గర కొనే షాపుల జాబితాలో, రాష్ట్రం కాలమ్ కూడా జాగ్రత్త. 2014 జూన్ 2కి ముందు ఎంటర్ చేసిన హైదరాబాద్, వరంగల్ షాపులకి ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది, ఎవరూ మార్చి ఉండరు. జీఎస్టీలో తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్ 37, పాత ఉమ్మడి రాష్ట్రం కోడ్ 28. ఈ మూడూ కలగాపులగంగా ఉన్న మాస్టర్‌ని అలాగే కలిపేస్తే ఒకే రాష్ట్రంలో అమ్మకానికి సీజీఎస్టీ ఎస్‌జీఎస్టీ పడాల్సిన చోట, వేరే రాష్ట్రానికి అమ్మితే పడే ఐజీఎస్టీ పడుతుంది. పార్టీ జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలే స్టేట్ కోడ్, దాంతో అడ్రస్ కాలమ్‌ని సరిపోల్చి తేడా ఉన్నవన్నీ ముందే బయటికి తీయండి. పైగా ఇప్పుడు మీకు రెండు రాష్ట్రాల్లో రెండు రిజిస్ట్రేషన్లు ఉంటాయి, హైదరాబాద్ గోడౌన్ నుంచి విజయవాడ గోడౌన్‌కి సరుకు పంపినా అది ట్యాక్స్ ఇన్‌వాయిస్ కొట్టాల్సిన సప్లై కిందే లెక్క. మీ వీబీ ప్రోగ్రామ్ ఒక్క జీఎస్టీ నంబర్ కోసమే రాసి ఉంటే ఆ ఒక్కటే మొత్తం నిర్ణయాన్ని తిప్పేస్తుంది.

అన్నిటికన్నా ముందు మీ ఎండీ గారికి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, ఏది ఏ తేదీన మారిందో రికార్డ్ అవ్వాలి, దాన్ని ఆపేయడానికి వీలుండకూడదు. మీ వీబీ6 ప్రోగ్రామ్‌లో అది ఉందా? ఫాక్స్‌ప్రోలో ఉందా? రెండిట్లోనూ లేకపోతే ఏది మంచిది అనే ప్రశ్నే అక్కడ ఆగిపోతుంది, అకౌంట్స్ వరకైనా మూడో సాఫ్ట్‌వేర్ వైపు చూడాల్సిందే. సపోర్ట్ సంగతి కూడా చూడండి, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2019 జూలైలో అయిపోయింది, విజువల్ ఫాక్స్‌ప్రో 9కి 2015 జనవరిలో, వీబీ6 డెవలప్‌మెంట్ టూల్‌కి 2008 ఏప్రిల్‌లోనే. అంటే మీదే మంచిగ కనిపిస్తుంది అన్నారు కదా, అది వాడకంలో నిజమే కావచ్చు, పునాది మాత్రం రెండిటికీ పోయింది.

మార్కులు వేయాలంటే రెండు వేరువేరు మార్కులు వేయండి, పనికి ఎంత పనికొస్తోంది అనేది ఒకటి, టెక్నికల్‌గా ఎంత ఆరోగ్యంగా ఉంది అనేది ఇంకోటి, రెండూ కూడి సగటు తీయకండి. సిస్టమ్ మొత్తానికి కాకుండా బిల్లింగ్, గోడౌన్, ఎక్స్‌పైరీ రిటర్న్స్, అకౌంట్స్ ఇలా పని పనికీ విడిగా వేస్తే ఇంకా మంచిది. మూడు నెలలు అంటారా, ఈ అసెస్‌మెంట్ ఒక్కటీ గట్టిగా చేయడానికి సరిపోతాయి. బంద్ చేసే తేదీ దాని తర్వాతే పెట్టుకుందాం అని, ఆడిట్ ట్రెయిల్ సంగతి చూపించి చెప్పండి, వింటారు.

ప్రశ్న (మచిలీపట్నం నుంచి): మా ఊళ్లో పుట్టిన ఆంధ్రా బ్యాంక్‌ని యూనియన్ బ్యాంక్‌లో కలిపేటప్పుడు, కార్పొరేషన్ బ్యాంక్‌తో సహా మూడిట్లోనూ ఫినకిల్ సాఫ్ట్‌వేరే ఉంది కాబట్టి కలపడం తేలిక అన్నారండీ. మరి ఐఎఫ్‌ఎస్‌సీ మారడానికే ఏడాది పట్టిందేంటి? ఒకే సాఫ్ట్‌వేర్ అయితే అంత పనేముంటుంది?

జవాబు: మంచి ప్రశ్న అడిగారండి. విలీనం 2020 ఏప్రిల్ 1న అయింది, ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్‌లు 2021 మార్చి 31 దాకా పనిచేశాయి. 2019 ఆగస్టు 30న విలీనాలు ప్రకటించినప్పుడు ఏ బ్యాంకుని ఏ బ్యాంకుతో కలుపుతున్నామో చెప్తూ కోర్ బ్యాంకింగ్ (ఖాతాలన్నీ నడిపే అసలు సాఫ్ట్‌వేర్) ఒకటే అన్నది కూడా ఒక కారణంగా చూపించారు, పంజాబ్ నేషనల్ బ్యాంక్ జట్టుకి ఫినకిల్, ఇండియన్ బ్యాంక్ అలహాబాద్ బ్యాంక్‌లకి బ్యాంక్స్ (BaNCS) అనే సాఫ్ట్‌వేర్ అని. అది నిజంగానే పనికొచ్చే సంగతే, కాదనను. కానీ ఒకే సాఫ్ట్‌వేర్ కొన్న రెండు బ్యాంకులు దాన్ని ఒకేలా వాడవు. సేవింగ్స్ ఖాతాల్లో ఏ రకానికి ఏ కోడ్, లెక్కల్లో ఏ హెడ్, వడ్డీ ఎక్కడ రౌండ్ చేయాలి, సొంతంగా రాయించుకున్న మార్పులు ఎన్ని, ఇవన్నీ ఎవరివి వాళ్లవే. ఒక బ్యాంకులో మీకున్న కస్టమర్ నంబరే ఇంకో బ్యాంకులో వేరే మనిషికి ఉండొచ్చు. రెండు బ్యాంకుల్లోనూ ఖాతా ఉన్న మనిషి కలిపాక ఒకే పాన్ మీద ఒకే కస్టమర్‌గా కనిపించాలి, లేకపోతే డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్ లెక్కే తప్పుతుంది.

ఇక ఐఎఫ్‌ఎస్‌సీ విషయంలో ఆలస్యానికి పెద్ద కారణం బ్యాంకు బయట ఉంది. ఆ 11 అక్షరాల కోడ్ మీ జీతం ఇచ్చే ఆఫీసులో ఉంటుంది, ఎల్ఐసీ ప్రీమియం మ్యాండేట్‌లో ఉంటుంది, పెన్షన్ ఇచ్చే చోట ఉంటుంది, అమెరికాలో ఉన్న మీ అబ్బాయి ఫోన్‌లో ఉంటుంది. బ్యాంకు తన సిస్టమ్ ఒక్కరాత్రిలో మార్చుకోగలదు, వీళ్లందరి దగ్గరా మార్చలేదు. అందుకే పాత కోడ్ మీద వచ్చిన డబ్బు కొత్త ఖాతాకి చేరేలా కొన్నాళ్లు నడపాలి. ఆ ఏడాది గడువు కస్టమర్లకి అవసరమైన గడువేనని నేననుకుంటాను.

ఈమధ్య ఇంకో పెద్ద కలయిక మన కళ్ల ముందే జరిగింది. 2025 మే 1న చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి. వాటి స్పాన్సర్లు యూనియన్, కెనరా, ఇండియన్, స్టేట్ బ్యాంకులు, అంటే నాలుగు వేరువేరు ఇళ్ల అలవాట్లతో పెరిగినవి. మీకు వీటిల్లో ఖాతా ఉంటే పాత పాస్‌బుక్, పాత స్టేట్‌మెంట్లు దాచుకోండి, నామినీ పేరు కొత్త రికార్డ్‌లో కూడా ఉందో లేదో బ్రాంచికి వెళ్లి ఒకసారి అడగండి.

ప్రశ్న (కరీంనగర్ జిల్లా నుంచి): మా సహకార సంఘంల సభ్యుల పేర్లు పాత కంప్యూటర్ల అను ఫాంట్ల తెలుగుల ఉన్నయి, ఇంకో జాబితా ఇంగ్లీషుల ఉన్నది. రెండు కలిపి ఒకటి చెయ్యాలె. ఒకే మనిషి రెండు సార్లు పడకుంట ఎట్ల చూసుకోవాలె?

జవాబు: ముందు అను ఫాంట్ డేటాని యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే కోడ్ ఉండే పద్ధతిలోకి) మార్చాలండి. ఆ ఫైల్‌లో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంట్ పెడితే తెలుగులా కనిపించే వేరే కోడ్‌లు, అందుకే సెర్చ్ చేస్తే దొరకవు, అకారాది క్రమంలో పెడితే తప్పుగా వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తులు, వట్రుసుడి దగ్గర తప్పులు చేస్తాయి కాబట్టి పేర్లు తెలిసిన మనిషి పక్కన కూర్చుని చూడాలి.

ఆ తర్వాత పేరు ఒక్కదాన్నే నమ్మి ఎవరినీ కలపొద్దు. మన పేర్లలో ఇంటిపేరు ఒక చోట ముందుంటుంది, ఇంకో చోట ఒక్క అక్షరం అవుతుంది, లక్ష్మిని ఇంగ్లీషులో కేఎస్‌హెచ్‌తోనూ రాస్తారు ఎక్స్‌తోనూ రాస్తారు, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు మల్లయ్యలు ఉంటారు. తండ్రి లేదా భర్త పేరు, ఊరు, పాస్‌బుక్ నంబర్, సభ్యత్వ నంబర్ వీటిల్లో కనీసం రెండు కలిస్తేనే ఒకే మనిషి కావచ్చు అని పక్కన పెట్టండి, కలపాలా వద్దా అన్నది మాత్రం సంఘం వాళ్లే ఒక్కొక్కటి చూసి తేల్చాలి. అప్పు ఉన్న రైతు ఖాతాలో ఇంకొకరి అప్పు పడితే ఆ మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి, అది మనవల్ల జరగకూడదు. ఇంకోటి, పాత సభ్యత్వ నంబర్లని పారేయకండి. పాత నంబర్, కొత్త నంబర్ పక్కపక్కన ఉండే పట్టిక ఒకటి ఎప్పటికీ ఉంచండి, రైతు దగ్గరున్న కాగితం మీద ఉండేది పాతదే.

ప్రశ్న (లండన్ నుంచి): మా టీమ్‌లో డేటా మొత్తం సరిగ్గా మారితే చాలు, ప్రాజెక్ట్ సక్సెస్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీరున్న దేశంలోనే జవాబుంది. 2018 ఏప్రిల్‌లో టీఎస్‌బీ బ్యాంక్ తన 52 లక్షల మంది కస్టమర్లని లాయిడ్స్ పాత సిస్టమ్ నుంచి స్పెయిన్‌లోని యజమాని సబాడెల్ తయారుచేసిన ప్లాట్‌ఫామ్ మీదకి ఒకే వారాంతంలో మార్చింది. డేటా సరిగ్గానే మారింది. ప్లాట్‌ఫామే అంతమంది లోడ్‌ని, అంటే అందరూ ఒకేసారి వాడే భారాన్ని, మోయలేకపోయింది. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు, బ్రాంచీలు, ఫోన్, యాప్ అన్నీ దెబ్బతిన్నాయి, పూర్తిగా మామూలు స్థితికి వచ్చేసరికి డిసెంబర్ అయింది. 2022 డిసెంబర్‌లో రెగ్యులేటర్లు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. కాబట్టి అసెస్‌మెంట్‌లో డేటా కాలమ్‌తో పాటు లోడ్ కాలమ్ కూడా పెట్టించండి, ఉంచబోయే సిస్టమ్ ఇప్పటి తన లోడ్‌తో పాటు రెండోదాని లోడ్ కూడా జీతాల రోజున మోయగలదా అని నిజంగా టెస్ట్ చేయించండి. ఒకేసారి కాకుండా కొద్దిమంది చొప్పున మార్చే వీలుంటే అదే అడగండి.

ప్రశ్న (గుంటూరు నుంచి): అంతా కొత్తదాంట్లోకి వచ్చేసిందండి. పాత సర్వర్ ఎప్పుడు ఆపేయొచ్చు? కరెంటు, ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) దండగ అంటున్నారు.

జవాబు: ముందు దాన్ని చూడటానికి మాత్రమే ఉంచి కొత్త ఎంట్రీలు ఆపేయండి, ఒక మార్చి క్లోజింగ్ కొత్తదాంట్లో పూర్తవనివ్వండి. ఆ తర్వాత నెట్‌వర్క్ కేబుల్ తీసి ఒక నెల చూడండి, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, వాళ్లే మీ లిస్ట్‌లో లేని యూజర్. రికార్డుల గడువు మర్చిపోవద్దు, కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి, జీఎస్టీ రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. బ్యాకప్ తీశాం అంటే సరిపోదు, దాన్ని వేరే మెషిన్ మీద రీస్టోర్ చేసి ఒక పాత బిల్లు ప్రింట్ తీసి చూడండి. ఆ ప్రింట్ వచ్చాకే ఏఎంసీ క్యాన్సిల్ చేయండి, హార్డ్ డిస్క్‌లు మాత్రం పూర్తిగా చెరిపించకుండా స్క్రాప్ వాళ్లకి ఇవ్వకండి.