అరెకరం అమ్మే ముందు బీపీటీ లోన్ లెక్క ఒకసారి చూడండి

ప్రశ్న: నరసరావుపేటలో కిరాణా కొట్టు నడుపుతున్నానండి. మా అమ్మాయికి ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) సీటు వచ్చింది, ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 1.2 లక్షలు. అరెకరం పొలం అమ్మేయమంటారా? మా బావమరిది 2 రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంటున్నాడు, అది తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దండి. 2 రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే గానీ ఏడాదికి 24 శాతం, పైగా పాప చేతికి జీతం రావడానికి చాలా టైముంది. ఇదివరకు బీపీటీ నాలుగున్నరేళ్లు ఉండేది, ఇలాంటి కోర్సుల్ని చూసే కేంద్ర అలైడ్ హెల్త్ కమిషన్ తెచ్చిన కొత్త సిలబస్‌లో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5 ఏళ్లు. స్టైపెండ్ వస్తే మంచిదే, లెక్కలో మాత్రం వేసుకోకండి.

బ్యాంకుకెళ్లి ఎడ్యుకేషన్ లోన్ అడగండి. 7.5 లక్షల దాకా పొలం తనఖా పెట్టక్కర్లేదు, మీరు పాపతో కలిసి సంతకం పెడితే చాలు. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే చదువు అయ్యేదాకా, ఆ పైన ఇంకో ఏడాది కూడా వడ్డీ కేంద్రమే కట్టే సబ్సిడీ ఉంది, మీ కాలేజీకి అది వర్తిస్తుందో లేదో మేనేజర్‌నే అడగండి.

సబ్సిడీ రాలేదనుకుందాం. ఏటా 1.2 లక్షల చొప్పున 6 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకోండి. కోర్సు అయ్యాక ఏడాది దాకా ఏమీ కట్టకపోతే వడ్డీయే 2.4 లక్షలు పేరుకుని అప్పు 8.4 లక్షలవుతుంది, పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 11,100. అదే వడ్డీ ఎప్పటికప్పుడు కొట్టు మీంచి కడుతూ పోతే, మొదటి ఏడాది నెలకి 1,000, రెండో ఏడాది 2,000, అలా పెరిగి అయిదో ఏడాది 5,000, ఆరో ఏడాది కూడా అంతే, అప్పుడు పాప మీద పడే ఈఎంఐ 7,900 చిల్లర. ఈ తేడా చాలా పెద్దదండి, ఎందుకంటే కొత్తగా క్లినిక్‌లో చేరిన పిల్లలకి మొదట్లో జీతాలు తక్కువ, హోమ్ విజిట్లు పెరిగి నాలుగు డబ్బులు చూడ్డానికి టైం పడుతుంది, ఎంపీటీ (ఇందులోనే పీజీ) చేస్తానంటే ఇంకో రెండేళ్లు. ఆ రోజుల్లో 11 వేల ఈఎంఐ ఉంటే పాప నచ్చిన ఆసుపత్రిలో పని నేర్చుకోలేదు, ఎక్కడ వెయ్యి ఎక్కువిస్తే అక్కడికి పోవాల్సొస్తుంది.

పాప పేరు మీద సుకన్య ఖాతా ఉందా? 18 నిండినా, పది పాసైనా, నిరుటి ఆర్థిక సంవత్సరం చివర్న ఉన్న బ్యాలెన్స్‌లో సగం దాకా చదువుకి తీయొచ్చు, మొదటి ఏడాది ఫీజు అందులోంచి కడితే లోన్ ఆ మేరకు తగ్గుతుంది.

ఫీజు కట్టే ముందు కాలేజీకి ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉందో లేదో చూడండి, సీటు కన్వీనర్ కోటాదా మేనేజ్‌మెంట్‌దా, ఇంటర్న్‌షిప్ ఏడాదికి కూడా ఫీజు ఉందా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం, అడ్మిషన్ లెటర్, ఆదాయ సర్టిఫికెట్ పట్టుకుని ఈ వారంలోనే బ్యాంకుకెళ్లండి, బావమరిదికి ఇంకా మాట ఇవ్వకండి.