టెర్మినల్ మెయిల్ మాన్యువల్ చేపట్టిన యువ రచయితకు

ప్రియ మిత్రమా,

కమాండ్ లైన్‌లో నడిచే మెయిల్ ప్రోగ్రామ్ మాన్యువల్‌ను తాజాగా ఉంచే బాధ్యత మీకు అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. కొత్త విడుదల వచ్చినప్పుడల్లా మార్పుల జాబితా చూసి, ఆ మేరకు పేజీలు సవరిస్తే చాలని ఈ పనిలోకి వచ్చిన వారు సాధారణంగా అనుకుంటారు. అది పనిలో సగమే, అదీ తేలికైన సగం. ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్ ఒక్క అక్షరం కూడా మారకుండానే మాన్యువల్ తప్పైపోతుంది.

2022 మే 30 నుంచి గూగుల్ తన వ్యక్తిగత ఖాతాల్లోకి మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌లు ప్రవేశించే వీలును తొలగించింది. అదే ఏడాది అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ కూడా తన మెయిల్ సేవ ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో బేసిక్ ఆథెంటికేషన్‌ను, అంటే మామూలు పేరు, పాస్‌వర్డ్‌తో ప్రవేశాన్ని, ఆపడం మొదలుపెట్టింది. మట్, ఆల్పైన్ వంటి టెర్మినల్ మెయిల్ ప్రోగ్రామ్‌లూ, సర్వర్‌లోని మెయిల్‌ను మన కంప్యూటర్‌తో సరిపోల్చి ఉంచే ఎంబీసింక్ వంటివీ నిన్నటిలాగే పనిచేస్తున్నాయి, వాటి కోడ్‌లో లోపమేమీ లేదు. అయినా ‘ఖాతా పేరు, పాస్‌వర్డ్ ఇక్కడ రాయండి’ అని చెప్పే పాత పాఠాలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. పాఠకుడికి తెర మీద కనిపించేది ‘లాగిన్ విఫలమైంది’ అనే ముక్క మాత్రమే కాబట్టి, తానే పాస్‌వర్డ్ తప్పుగా కొట్టానేమో అనుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. ఆ ప్రోగ్రామ్ కోసం విడిగా తీసుకునే యాప్ పాస్‌వర్డ్ కావాలనీ, దానికి ముందు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలనీ, లేదా పాస్‌వర్డ్‌కు బదులు పనిచేసే ఓఆథ్ టోకెన్ తెచ్చిపెట్టే స్క్రిప్టును కాన్ఫిగరేషన్‌లో కలపాలనీ అతనికి చెప్పవలసింది మీరే.

అందువల్ల ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దీన్ని రేపు తప్పు చేయగలిగేది ఎవరని అడగండి. ప్రోగ్రామర్ అయితే, ఆ వాక్యం కోడ్ పక్కనే ఉండాలి. మట్‌లో ప్రతి సెట్టింగ్ వివరణా సోర్స్ ఫైలులోనే వ్యాఖ్య రూపంలో ఉంటుంది. మేక్‌డాక్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని అక్కడి నుంచి తీసి, మాన్యువల్‌నూ, టెర్మినల్‌లోనే చదువుకునే మ్యాన్ పేజీనీ తయారుచేస్తుంది. డిఫాల్ట్ విలువ మార్చే వ్యక్తికి వివరణ కళ్లెదుటే ఉంటుంది కనుక మరచిపోవడం కష్టం. మీ ప్రాజెక్టులో ఇలాంటి ఏర్పాటు ఉంటే, డిఫాల్ట్ విలువలను పరిచయ అధ్యాయాల్లోకి చేత్తో ఎక్కించకండి. 2020లో వచ్చిన మట్ 2.0 గుప్తీకరణను (ఎన్‌క్రిప్షన్) తప్పనిసరి చేసే సెట్టింగ్‌ను ‘కాదు’ నుంచి ‘అవును’కు మార్చింది, పాత విలువను ఎత్తి రాసుకున్న పేజీలన్నీ ఆ రోజు నుంచే తప్పు చెబుతున్నాయి.

అయితే ఇలా తయారైన వివరణ ఒక్కో సెట్టింగ్ గురించి విడిగా చెబుతుందే తప్ప, రెండు మూడు కలిసినప్పుడు ఏమవుతుందో చెప్పదు. మీ అసలు రచన అక్కడ ఉంది. మెయిల్ పంపే పోర్టుల, అంటే సర్వర్‌కు ఉన్న నంబరు ద్వారాల, సంగతే చూడండి. 587లో సంభాషణ మామూలుగా మొదలై, స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆదేశంతో గుప్తీకరణలోకి మారుతుంది. 465లో మొదటి బైటు నుంచే గుప్తీకరణ ఉంటుంది. 465 పోర్టుకు గుప్తీకరణ లేని చిరునామా రాస్తే, సర్వర్ పలకరింపు కోసం ప్రోగ్రామూ, గుప్తీకరణ మొదలుపెట్టే టీఎల్‌ఎస్ ఆరంభ సందేశం కోసం సర్వరూ ఎదురుచూస్తూ ఉండిపోతాయి. తెర స్తంభిస్తుంది, దోష సందేశం కూడా రాదు. ఈ ఒక్క పేరా మాన్యువల్‌లో ఉంటే ఎన్నో ప్రశ్నలు రాకముందే తీరిపోతాయి. పైగా 465 కాలం చెల్లిందని చెప్పిన సలహా ఒకప్పుడు సరైనదే. 2018 జనవరిలో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్నే మళ్లీ సిఫారసు చేసింది. ఇలాంటి పాత సలహాను నిశ్శబ్దంగా తీసేయకుండా, ఎందుకు మారిందో ఒక వాక్యంలో చెప్పండి. లేకపోతే పాత పాఠం చదివిన ఎవరో దాన్ని ‘సరిదిద్ది’ వెనక్కి తెస్తారు.

తీసేయడం గురించి ఇంకొక మాట. ఎంబీసింక్ 1.4లో రెండు వైపుల మెయిల్ నిల్వలకు ఉన్న మాస్టర్, స్లేవ్ అనే పేర్ల స్థానంలో ఫార్, నియర్ వచ్చాయి. కొత్త పేర్లతో తిరగరాయడం సరే, కానీ పాత కాన్ఫిగరేషన్ చేతిలో పట్టుకుని వచ్చినవాడు పాత పేరుతోనే వెతుకుతాడు. డెబియన్ స్టేబుల్ వంటి, నెమ్మదిగా మారే లినక్స్ పంపిణీల్లో ఏళ్ల నాటి వెర్షన్ ఇంకా నడుస్తూ ఉంటుంది. కాబట్టి మారిన ప్రతి సెట్టింగ్ పక్కన ఏ వెర్షన్ నుంచో రాయండి. తన వెర్షన్ ఎలా తెలుసుకోవాలో మొదటి పేజీలోనే చెప్పండి.

ఇక వాక్యాన్ని రేపు తప్పు చేయగలిగేది మెయిల్ సేవ ఇచ్చే కంపెనీ అయితే, అలాంటివన్నీ ఒకే పేజీలో చేర్చి, చివరిగా సరిచూసిన తేదీ వేయండి. వారి వెబ్‌సైట్‌లో ఏ మెనూలో ఏ బటన్ నొక్కాలో మీరు వర్ణించవద్దు, ఆ మెనూలు మీకు చెప్పి మారవు. ఆ సేవలో ఖాతా ఉండి పరీక్షించగలిగినవారు జట్టులో ఒక్కరూ లేకపోతే, ఆ భాగం తొలగించడమే మర్యాద. నా ఈ అభిప్రాయంతో చాలామంది ఏకీభవించరు; ఏదో ఒకటి ఉండటం మేలని వారంటారు. పరీక్షించని సూచన పాఠకుడి సాయంత్రాన్ని మింగేస్తుందని నేనంటాను.

పరీక్ష మీ సొంత కాన్ఫిగరేషన్‌తో చేయకండి, ఏళ్లుగా చేరిన సెట్టింగులు మాన్యువల్‌లోని లోపాలను కప్పేస్తాయి. కొత్త యూజర్‌ను సృష్టించి, ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి, పాఠకుడు చూసే పేజీ నుంచే ఆదేశాలను కాపీ చేయండి, మాన్యువల్ సోర్స్ ఫైలు నుంచి కాదు. నేరు కోట్ గుర్తులు వంపు తిరగడం, రెండు హైఫన్లు కలిసి ఒక పొడవాటి గీత కావడం ప్రచురణలోనే జరుగుతాయి. ఉదాహరణల్లో ఎగ్జాంపుల్ డాట్ కామ్‌నే వాడండి, 1999 నుంచి ఆ పేరు ఇందుకోసమే కేటాయించి ఉంది. ప్రోగ్రామ్ తాను చేసినవి రాసుకునే డీబగ్ లాగ్‌ను అతికించేముందు అందులోని చిరునామాలు చెరిపేయండి.

మొత్తం మాన్యువల్‌ను ఒకేసారి తిరగరాసే ఉత్సాహాన్ని ప్రస్తుతానికి వాయిదా వేయండి. ముందు మెయిల్ పంపే అధ్యాయం ఒక్కటి తీసుకుని, పైన చెప్పినట్టు ఖాళీ ఫైలుతో మొదటి నుంచి చివరి వరకు చేసి చూసి, ఎక్కడెక్కడ ఆగిపోయారో రాసి పంపండి. సవరణ కంటే ముందు ఆ జాబితా చూడాలని ఉంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి