నేరేడు పని మొదలుపెట్టే ముందు

అమ్మడూ,

నువ్వు పీహెచ్‌డీకి ల్యాబ్‌లో పెంచిన నేరేడు కణాల సారం తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం పట్టలేక మన పర్లాకిమిడి వీధంతా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ల్యాబ్ అంటే నాకు ముందు మెథనాలే గుర్తొస్తుంది. చూడ్డానికి నీళ్ళే, లోపలికి పోతే కళ్ళు పోతాయి. ఆవిర్లు లాగేసే ఫ్యూమ్ హుడ్ బయట మూత తియ్యకు. లేబుల్ లేని సీసాలో పొయ్యకు.

ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్, కణాలకి తిండి అయిన మీడియం, వీటి సంగతులు నీకు తెలిసినవే. నేరేడు ముక్క కోసిన చోట గోధుమరంగుకి తిరిగితే కంగారుపడకు, అది ఫినాల్స్ అనే మొక్క రసాయనాల పని. చీకట్లో ఉంచి, త్వరత్వరగా కొత్త మీడియంలోకి మార్చు. కాలస్, అంటే ముక్క మీద పెరిగే కణాల ముద్ద, వచ్చాక పండు గుణాలన్నీ దానికి అంటగట్టకు, తొక్కలోని ఊదారంగు అందులో ఉండి తీరాలని లేదు. యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలిచే డీపీపీహెచ్ పరీక్షలో 517 నానోమీటర్ల దగ్గర చూస్తావు కదా, పండు రంగు కూడా దాదాపు అక్కడే కాంతిని పీలుస్తుంది. సారం ఒక్కదానికే విడిగా రీడింగ్ తీసి మినహాయించు.

అసలు భయం వాపు తగ్గించే పరీక్ష గురించి. ఒకసారి వేసవి శిక్షణకి వెళ్ళిన ల్యాబ్‌లో రాయగడ కుర్రాడొకడు దానిమ్మ తొక్క సారం మీద పనిచేసేవాడు. రోగాలతో పోరాడే ఎలుక మాక్రోఫేజ్ కణాలను ఎల్‌పీఎస్ అనే బాక్టీరియా పొర పదార్థంతో రెచ్చగొట్టి, సారం పోసి, వాపుకి గుర్తుగా అవి వదిలే నైట్రిక్ ఆక్సైడ్‌ని గులాబీరంగునిచ్చే గ్రీస్ రీయేజెంట్‌తో కొలిచేవాడు. డోసు పెంచేకొద్దీ గులాబీరంగు వెలిసిపోయింది, ప్లేటులో ఆఖరి గుంటలో రంగే లేదు. గైడ్ మురిసిపోయి కాన్ఫరెన్సుకి పంపించేశాడు. కుర్రాడు ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

ఆ తర్వాత పక్క బల్ల అమ్మాయి మైక్రోస్కోప్‌లో చూసింది. ప్లేటు అడుగున అంటుకుని ఉండాల్సిన కణాలు గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి. కణాలు బతికున్నాయో లేదో చూపే ఎంటీటీ పరీక్ష పెడితే, ఎక్కువ డోసు గుంటల్లో బతికుంటే రావాల్సిన ఊదారంగు రానే లేదు. కణాలు చచ్చిపోయాయి, చచ్చినవి నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కణ్నుంచి ఇస్తాయి? పేపర్ వెనక్కి తీసుకున్నారు. పిల్లాడు చాలా రోజులు ల్యాబ్‌కి రాలేదు. వాడు కష్టపడ్డాడమ్మా, మొదటి రోజే చెప్పాల్సింది గైడ్. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కణాలు బతికే డోసుల్లో మళ్ళీ చేస్తే తగ్గింది కొంచెమే, కానీ నిజంగా తగ్గింది.

నువ్వసలే తొందరమనిషివి. చిన్నప్పుడు పచ్చివైనా సరే నేరేళ్ళు నోట్లో వేసుకుని నాలుక పిడచకట్టి ఏడ్చేదానివి, నేనే నోరు కడిగేదాన్ని. ఎంటీటీ ముందు, గ్రీస్ తర్వాత. గైడ్ వద్దన్నా పెట్టు.

మీ నాన్న అప్పుడే తన మోకాళ్ళకి పనికొస్తుందా అని అడుగుతున్నాడు. ప్లేటులో కణాలకీ మనిషి మోకాలికీ మధ్య చాలా దూరం ఉందని నువ్వే నచ్చజెప్పు, నా మాట వినడు.

మన పెరటి చెట్టు కావాలంటే జూన్‌లో రా. ఎండిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంకి ఆకులతో సహా ఒక కొమ్మ ఒత్తిపెడదాం. మీ మావయ్య నిచ్చెన వేస్తారు. నేరేడు కొమ్మ పెళుసు, నువ్వు ఎక్కకు.

మీ అత్త