పేటెంట్ ఏజెంట్ పరీక్ష: కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు సాగు చేస్తాను. మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి ఏడాదైంది. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాస్తానంటోంది. లా చదవకుండా ఇది కుదురుతుందా? పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివింది, ఇబ్బంది అవుతుందేమో. పాసయితే ఉద్యోగం ఇస్తారా? హైదరాబాదులో శిక్షణకు పెద్ద మొత్తం అడుగుతున్నారు, కట్టమంటారా?

జవాబు: ముందు ఉద్యోగం సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు పొరబడేది అక్కడే. పాసయితే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇది కొలువు పరీక్ష కాదు. ఆవిష్కర్తల తరఫున పేటెంట్ కార్యాలయంలో పత్రాలు తయారుచేసి దాఖలు చేయడానికి, కంట్రోలర్ (పేటెంట్ ఇవ్వాలా వద్దా తేల్చే అధికారి) ముందు వాదించడానికి అర్హత ఇచ్చే పరీక్ష. అదే కార్యాలయంలో ఎగ్జామినర్ ఉద్యోగాలకు నియామకాలు వేరుగా జరుగుతాయి. ట్రేడ్‌మార్క్ ఏజెంట్ల పరీక్ష కూడా వేరే. ఈ మూడింటినీ కలిపి మాట్లాడేవారి మాట వినకండి.

లా పట్టా అక్కర్లేదు. 1970 పేటెంట్ల చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం, 21 ఏళ్లు నిండిన వయసు, సైన్స్ లేదా ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండాలి. ఆపైన పరీక్ష పాసవ్వాలి. మీ అమ్మాయి మెకానికల్ పట్టా ఇందుకు చక్కగా సరిపోతుంది.

పరీక్షలో రెండు రాత పేపర్లు, ఒక మౌఖిక పరీక్ష ఉంటాయి. మొదటి పేపరు చట్టం, నిబంధనల మీద. రెండోది స్పెసిఫికేషన్లు, అంటే ఆవిష్కరణను వివరించే పత్రాలు, రాయడం, వాటిని అర్థం చేసుకోవడం మీద. రాత పేపర్లలో ఒక్కోదానిలో కనీసం 50 మార్కులు రావాలి, మౌఖికంతో కలిపి మొత్తం మీద 60 శాతం రావాలి. అంటే రెండింటిలోనూ అంచు మీద గట్టెక్కితే మామూలుగా చాలదు. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక అబ్బాయికి సెక్షన్లన్నీ కంఠస్థం. ఏ నంబరు అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. రెండో పేపర్లో తప్పాడు. అంతకు ముందు ఒక్క క్లెయిమ్ కూడా సొంతంగా రాసి చూడలేదు.

క్లెయిమ్ అంటే ఏమిటో మీకు తేలిగ్గానే అర్థమవుతుంది. మీ పొలం దస్తావేజు తీసి చూడండి. తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన పంటకాలువ, పడమర పుంత, ఉత్తరాన ఇంకొకరి చెరువు గట్టు అని చెక్కుబంది రాసి ఉంటుంది. దస్తావేజులో ఎన్ని పేజీలున్నా, గట్టు తగాదా వచ్చిన రోజున అందరూ వేలుపెట్టి చూసేది ఆ నాలుగు వాక్యాలనే. పేటెంట్‌కు క్లెయిములే చెక్కుబంది. ఆవిష్కర్త హక్కు ఎంతవరకో, ఎక్కడ ఆగుతుందో వాటితోనే తేలుతుంది.

మీ చెరువులో తిరిగే ఏరేటర్‌నే తీసుకోండి. దాన్ని ఇప్పుడే కొత్తగా కనిపెట్టినట్లు అనుకుని మీ అమ్మాయిని ఒక క్లెయిమ్ రాయమనండి. మొదటిసారి బహుశా ‘చెరువు నీటిలో ఆక్సిజన్ పెంచే యంత్రం’ అని రాస్తుంది. ఊరంతా నాదే అన్నట్లు ఉంటుంది అది. నీట్లోకి గాలి పంపే పాత పరికరాలన్నీ అందులోకి వచ్చేస్తాయి కాబట్టి కొత్తదనం లేదని కొట్టేస్తారు. రెండోసారి భయపడి రెక్కలెన్నో, వాటి రంగేమిటో, మోటారు ఎన్ని హార్స్‌పవరో అన్నీ చేర్చేస్తుంది. అప్పుడు పక్క ఊరివాడు ఒక రెక్క తగ్గించి అదే యంత్రం అమ్ముకుంటాడు, అడగడానికి హక్కుండదు. తేలే దిమ్మెలు, ఇరుసు, రెక్కలు, మోటారు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తున్నాయో, వాటిలో ఏది లేకపోతే ఆవిష్కరణే లేదో పట్టుకుని రాయడంలోనే నేర్పంతా ఉంది. మొదటి క్లెయిమ్ వీలైనంత విశాలంగా, తర్వాతివి ఒక్కో అంశం చేర్చుకుంటూ ఇరుకుగా రాసుకుంటూ పోవాలి. రోజుకొక వస్తువు చొప్పున ఆరు నెలలు రాయమనండి. స్ప్రేయరు, కుట్టు మిషను, ప్రెషర్ కుక్కర్, ఏదైనా సరే. రాశాక పేటెంట్ కార్యాలయం వెబ్‌సైటులో అలాంటి స్పెసిఫికేషన్లు వెతికి పోల్చుకోవాలి. అక్కడ అవి ఉచితంగానే దొరుకుతాయి.

తెలుగు మాధ్యమం గురించి బెంగ వద్దు. దరఖాస్తులు ఇంగ్లిషులోగాని హిందీలోగాని ఉండాలన్నది నిజమే. కానీ క్లెయిమ్ భాషలో అలంకారాలుండవు. ఒక వస్తువుకు మొదట ఏ మాట వాడారో చివరిదాకా అదే మాట వాడాలి. తెలుగులో తిన్నగా ఆలోచించే పిల్లకు ఇది త్వరగానే పట్టుబడుతుంది.

చట్టం విషయంలో గైడ్ల కన్నా అసలు చట్టాన్నే నాలుగైదు సార్లు చదవడం మేలు. అందులోనూ 3వ సెక్షన్‌ను మనసుపెట్టి చదవాలి. దేనికి పేటెంట్ రాదో అక్కడ ఉంటుంది. నెల్లూరు మసూరి లాంటి వరి రకానికి, ఒంగోలు గిత్తకు పేటెంట్ ఇవ్వరు. నాట్లు వేసే పద్ధతికి ఇవ్వరు, నాట్లు వేసే యంత్రానికి ఇవ్వవచ్చు. తెలిసిన పదార్థానికే కొత్త రూపమిచ్చి పేటెంట్ అడగడం గురించి చెప్పే 3(డి)తో పాటు 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునూ చదవాలి. తప్పనిసరి లైసెన్సుల (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఇంకొకరు తయారుచేయడానికి ఇచ్చే అనుమతుల) దగ్గరికి వచ్చినప్పుడు 2012లో హైదరాబాదుకు చెందిన నాట్కోకు ఇచ్చిన ఉత్తర్వు చదివితే 84వ సెక్షన్ ఇక మరచిపోరు. పాత పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. పేటెంట్ దరఖాస్తును పరిశీలించమని కార్యాలయానికి అభ్యర్థన పెట్టడానికి గడువు ఇదివరకు 48 నెలలు. 2024 మార్చిలో వచ్చిన సవరణతో అది 31 నెలలైంది. పుస్తకంలో 48 అనే ఉంటే దాన్ని పక్కన పెట్టేయమనండి.

ఈ పరీక్ష ఏటా జరగదు. 2018 తర్వాత మళ్లీ 2023లోనే జరిగింది. అందుకే ప్రకటన వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే సమయం చాలదు. ఈలోగా ఒక పని చేయించండి. మన జిల్లాల పిల్లలకు దరఖాస్తుల్లో ఎక్కువగా అడ్డుపడేది పేరే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, డిగ్రీ పట్టాలో ఒక్క అక్షరమే. ఇప్పుడే సరిచేయించుకుంటే చివరి వారంలో మీసేవ చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

పాసైన వెంటనే పేటెంట్ ఏజెంట్ అని బోర్డు పెట్టకూడదు. ఫారం 22తో దరఖాస్తు చేసి, రుసుము కట్టి, రిజిస్టరులో పేరు ఎక్కాలి. ఆ తర్వాత ఏటా రుసుము చెల్లిస్తుండాలి, మానేస్తే పేరు తీసేస్తారు.

ఇక్కడ మీకొక అనుకూలత ఉంది. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు రెండూ వెళ్లేది చెన్నైలోని గిండీ పేటెంట్ కార్యాలయానికే. హైదరాబాదులో పేటెంట్ కార్యాలయం లేదు. కావలి నుంచి చెన్నైకి నేరుగా రైలుంది. మొదటి రెండు మూడేళ్లు చెన్నైలోనో బెంగళూరులోనో అనుభవమున్న ఏజెంటు దగ్గర పనిచేయనివ్వండి. జీతం తక్కువైనా పరవాలేదు, రాసిన క్లెయిములు దిద్దేవారు ఉండటం ముఖ్యం. ఏజెంట్లు పత్రాలన్నీ ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయాలి, విచారణలు వీడియోలోనూ జరుగుతాయి. కాబట్టి తర్వాత కావలిలో కూర్చునే ఈ పని చేసుకోవచ్చు. విద్యాసంస్థలకు 2021 నుంచి పేటెంట్ రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఉంది. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇన్ని ఇంజనీరింగ్ కళాశాలలుండగా, క్లెయిములు బాగా రాసేవారు దగ్గర్లో ఉంటే వారికి పని దొరుకుతుందనే నా నమ్మకం.

ఇక శిక్షణ డబ్బు. కట్టేముందు ఆ సంస్థను ఒక్క ప్రశ్న అడగండి: మా అమ్మాయి రాసిన ఎన్ని స్పెసిఫికేషన్లను, ఏ రిజిస్టర్డ్ ఏజెంటు, ఎన్ని రోజుల్లో దిద్ది ఇస్తారు? సూటిగా జవాబు చెప్పకపోతే కట్టవద్దు. చట్టం ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఆ డబ్బు చెన్నైలో ఆరు నెలల హాస్టల్ ఖర్చుకు దాచి ఉంచండి.