నాన్న కాంట్రాక్టరైతే కూతురు విజిలెన్స్‌కు పనికిరాదా?

ప్రశ్న: బి.కాం. పూర్తిచేసి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) డిగ్రీ స్థాయిలో పెట్టే సీజీఎల్ పరీక్షకు చదువుతున్నాను. కేంద్ర ప్రభుత్వ సిబ్బంది అవినీతిపై నిఘా ఉంచే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌లో పనిచేయాలని నా కోరిక. మా నాన్న రైల్వేలో చిన్న చిన్న సివిల్ పనుల కాంట్రాక్టులు చేస్తారు. అది నాకు అడ్డమవుతుందా? విజిలెన్స్ ఉద్యోగమంటే ఊరందరితో పగ పెట్టుకోవడమేనని కూడా ఆయన అంటున్నారు. (ఒక విద్యార్థిని, గుంతకల్లు)

జవాబు: తండ్రి కాంట్రాక్టరు కావడం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హత కాదు. ముందుగా ఆ భయం వదిలేయండి. అయితే మీ ప్రశ్న వెనుక ఉన్న సందేహం మాత్రం చిన్నది కాదు.

రైల్వే టికెట్ కౌంటర్లో కూర్చునే బుకింగ్ క్లర్కు డ్యూటీ ఎక్కగానే చేసే మొదటి పని, తన జేబులో సొంత డబ్బు ఎంత ఉందో రిజిస్టరులో రాయడం. నూట నలభై రూపాయలుంటే నూట నలభై అని రాయాలి. మధ్యాహ్నం విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్లు వచ్చి లెక్క చూస్తే, టికెట్ల సొమ్ముకు, రాసుకున్న సొంత డబ్బుకు మించి ఒక్క నోటున్నా అదెక్కడిదో ఆయనే చెప్పుకోవాలి. జేబులో డబ్బు ఉండటం తప్పు కాదు, రాయకపోవడమే తప్పు. అధికారి పదవికీ సొంత ప్రయోజనానికీ మధ్య వచ్చే చిక్కును ప్రభుత్వం చూసే తీరు కూడా చాలావరకు ఇదే.

మీ విషయానికి వర్తించేది 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి. రైల్వే ఉద్యోగులకు ఇదే బాటలో 1966లో వేరే నియమావళి వచ్చింది. కుటుంబ సభ్యులకు ప్రయోజనం ఉన్న కాంట్రాక్టు ఫైలు తన బల్ల మీదకు వస్తే ఉద్యోగి దానిపై నిర్ణయం తీసుకోకూడదు, పై అధికారికి పంపించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ నియమావళిలో భార్యాభర్తలు కాకుండా పిల్లలైనా, మరో బంధువైనా కుటుంబ సభ్యుల కిందికి రావాలంటే, పూర్తిగా ఆ ఉద్యోగి మీదే ఆధారపడి ఉండాలి. సొంతంగా సంపాదించుకుంటున్న మీ నాన్న, అక్షరాలా చూస్తే, ఆ లెక్కలోకి రారు. దీన్ని అడ్డం పెట్టుకుని నోరు మెదపకుండా కూర్చునేవాళ్లను చూశాను. మీరు ఆ పని చేయకండి. 2014లో నియమావళికి చేర్చిన మాటల్లో, విధులతో ముడిపడిన సొంత ప్రయోజనాలను ఉద్యోగే బయటపెట్టి, ప్రజాహితం దెబ్బతినకుండా చిక్కు విప్పుకోవాలని ఉంది. అక్కడ తండ్రా, మేనమామా అన్న ప్రశ్నే లేదు. టెండరు వేసేవారి వైపు కూడా తాళం ఉంది. బంధువెవరైనా రైల్వేలో గెజిటెడ్ హోదాలో ఉంటే ఆ సంగతి టెండరుతో పాటే తెలపాలని రైల్వే షరతు. రేపు మీకు అలాంటి ఉద్యోగం వస్తే చెప్పాల్సినవారు ఇద్దరు, మీరూ మీ నాన్నా.

ఇక కమిషన్ సంగతి. అవినీతి నివారణ మీద వేసిన సంతానం కమిటీ సిఫారసుతో 1964లో పుట్టింది. 1997 చివర్లో హవాలా డైరీల దర్యాప్తుకు సంబంధించిన వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2003 చట్టంతో దానికి చట్టబద్ధత వచ్చింది. వలపన్ని లంచగొండులను పట్టుకోవడం సీబీఐ, ఏసీబీల పని. కమిషన్‌ది ప్రధానంగా ఫైళ్లు చదివి, ఏం చేయాలో శాఖకు సలహా చెప్పే పని. శిక్ష వేసేది శాఖే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు దాని పరిధిలో లేరు. ప్రతి మంత్రిత్వ శాఖలో, ప్రభుత్వ రంగ సంస్థలో, బ్యాంకులో కమిషన్‌కు కళ్లూ చెవులూ అక్కడి చీఫ్ విజిలెన్స్ ఆఫీసరే. ప్రభుత్వ రంగ సంస్థలకైతే ఈ అధికారిని సాధారణంగా బయటి నుంచి తెస్తారు. రేపు తన ప్రమోషన్ మీద సంతకం పెట్టాల్సిన ఎండీ ఫైలును లోపలి మనిషి ఈరోజు ఎలా తెరుస్తాడు? కమిషనర్లకైతే పదవీకాలం ముగిశాక ప్రభుత్వంలో మరో పదవి ఇవ్వడానికి వీల్లేదు. కాపలాదారుకూ కాపలా కావాలి కదా. 2011 మార్చిలో సుప్రీంకోర్టు ఏకంగా కేంద్ర విజిలెన్స్ కమిషనర్ పి.జె. థామస్ నియామకాన్నే కొట్టేసింది. ఆయన మీద ఉన్న పెండింగ్ కేసును ఎంపిక కమిటీ పట్టించుకోలేదన్నది కారణం.

ఇక ఉద్యోగం సంగతి. డిగ్రీ చేతపట్టుకుని నేరుగా విజిలెన్స్ అధికారి కావడానికి దారి లేదు. కమిషన్ కార్యాలయంలో సహాయక సిబ్బంది ఉంటారు గానీ, మీరు ఊహించుకునే పని వారిది కాదు. రైల్వే విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్లను అక్కడ పనిచేస్తున్న సిబ్బంది నుంచే ఎంచుకుంటారు. చీఫ్ విజిలెన్స్ ఆఫీసర్లు ఎక్కువగా అఖిల భారత సర్వీసులు, గ్రూప్ ఏ సర్వీసుల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు. టెండరు ఎలా పిలుస్తారో, బిల్లు ఎలా పాస్ చేస్తారో పదేళ్లు చూసిన మనిషికే అందులో ఎక్కడ లోగుట్టు దాక్కుంటుందో తెలుస్తుంది. బి.కాం. చదివారు కాబట్టి, సీజీఎల్‌లో, ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ కింద ఉండే ఆడిటర్ ఉద్యోగానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వమంటాను. ఓచర్లతో, కొలతల పుస్తకాలతో కుస్తీ పడితే వచ్చే చూపు ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకదు. అయితే రైల్వే ఆడిట్‌లో వేస్తే మాత్రం మీ నాన్న బిల్లులే మీ ముందుకు రావచ్చు. చేరిన రోజే ఆ సంగతి కాగితం మీద రాసివ్వండి.

పగ గురించి నాన్నగారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. విజిలెన్స్‌లోకి వెళ్లినవారిని పాత మిత్రులు టీ తాగడానికి పిలవడం తగ్గిస్తారు. మూడు, నాలుగేళ్ల తర్వాత మళ్లీ వాళ్ల పక్క కుర్చీలోనే కూర్చోవాలి. అది భరించగలరా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి, నేను చెప్పలేను.

ఒక్క సంగతి మాత్రం ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. మన ఇళ్లలో ఆడపిల్ల పేరున ప్లాటు కొనిపెట్టడం మామూలే. ఉద్యోగంలో చేరకముందే కొంటే, చేరేటప్పుడు ఇచ్చే మొదటి ఆస్తుల పత్రంలో చూపించాలి. చేరాక మీ పేరున కొనాలనుకుంటే రిజిస్ట్రేషన్‌కు ముందే కార్యాలయానికి తెలియజేయాలి, ఆ తర్వాత ఏటా జనవరి 31లోగా ఇచ్చే స్థిరాస్తి రిటర్నులో రాయాలి. ఆ ఆస్తి ఎలా, ఎవరి నుంచి వచ్చిందన్న గడి కూడా అందులో ఉంటుంది.