గదికన్నా ముందు వేళలు కుదుర్చుకోండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. నా వయసు 31. ఆడియో కథలు చదువుతాను, చిన్న చిన్న ప్రకటనలకు గొంతు ఇస్తాను. ఇప్పటిదాకా బెడ్‌రూమ్‌లో దుప్పటి కప్పుకుని రికార్డ్ చేస్తున్నాను. మా స్థలం రోడ్డు మలుపులో ఉండటంతో మేడమీది మూలగదికి ఐదు గోడలొచ్చాయి, ఒక కొస బాగా ఇరుకు. దాన్ని స్టూడియోగా చేసుకుంటానంటే, ‘మూల తెగిన గది, కలిసిరాదు’ అంటారు మామయ్యగారు. ‘నా పరుపులు, జాడీలు ఎక్కడ పెట్టను?’ అంటారు అత్తయ్యగారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. చీటీ డబ్బు 60 వేలుంది. అందులో 40 వేలు పెట్టి గోడలకు ఫోమ్ వేయిస్తే కింది సందడి వినపడదని ఒకాయన చెప్పారు. వేయించనా?

జవాబు: వేయించకండి. అడ్వాన్స్ ఇచ్చి ఉండకపోతే అక్కడితో ఆగండి.

ఫోమ్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. బయటి చప్పుడును అది ఆపలేదు. కోడిగుడ్ల అట్టలు అతికించినా అంతే. చప్పుడు ఆగాలంటే బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి. తలుపు కింద వేలెడు సందున్నా కుక్కర్ విజిల్ లోపలికి వచ్చేస్తుంది. ఆ సందుకు రబ్బరు పట్టీ వేయించండి, కిటికీ రెక్కలకు కూడా. ఖర్చు కొంచెమే, ఫలితం తెలుస్తుంది. మీ వైపు విమానాలు, గూడ్సు బండ్లు ఎలాగూ తప్పవు. అవి పోయేదాకా ఆగి, ఆ వాక్యం మళ్లీ చదువుకోవడమే. ఇక ఇంట్లో సందడి తగ్గాలంటే, ఆ సందడి చేసేవాళ్లతోనే మాట్లాడాలి. 40 వేలు పోసినా ఈ మాట తప్పదు, అందుకే ముందు ఇది తేల్చుకోమంటున్నాను.

ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ‘మా ఆయన ఏమీ మాట్లాడరు’ అన్న మాట. మీరు చేసేది డబ్బులొచ్చే పని. అయినా ఇంట్లో దానికి వేళంటూ లేదు. వేళ లేని పనిని ఎవరైనా కాలక్షేపం అనే అనుకుంటారు. అత్తయ్యగారితో వాదనకు దిగకముందే ఆయనతో విడిగా కూర్చోండి. ‘రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను పనిలో ఉంటాను, ఈ సంగతి మీ అమ్మానాన్నలకు మీరే చెప్పాలి’ అనండి. కోడలు చెబితే గది లాక్కుంటోంది అనిపించే మాట, కొడుకు నోట వస్తే ఇంటి ఏర్పాటు అవుతుంది. ఆయన తప్పించుకుంటే వదిలేయకండి, మళ్లీ అడగండి.

అత్తయ్యగారి సామానులో ట్రంకు పెట్టెలు, జాడీలు ఉంటే వాటికి కింద ఒక అలమర ముందే ఖాళీ చేసి చూపించండి. ఆవకాయ జాడీ విషయంలో ఆవిడ బెంగ నిజమైనదే. తడి తగలని, చీమ చేరని చోటు ఆవిడే ఎంచుకోవాలి. పరుపులు మాత్రం ఆ గది నుంచి పంపేయొద్దు. పాత దూది పరుపు గొంతు రికార్డింగ్‌కి ఫోమ్‌కన్నా మేలు. అది మందం, ఫోమ్ పలచన. గది ఖాళీ చేసినరోజు ఆవిడను పిలిచి, ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినిపించండి. ఖంగుమంటుంది. పరుపులు నిలబెట్టి మళ్లీ కొట్టండి, తేడా ఆవిడకే తెలుస్తుంది. తన పరుపులకు పని పడిందని చూస్తే, ‘పడేస్తావా’ అన్న భయం ఉండదు.

మామయ్యగారితో వాస్తు వాదన పెట్టుకోకండి. ఆయన నమ్మకం ఆయనది. ఆ గదిలో కాపురం ఉండబోవడం లేదని, రోజుకు రెండు గంటల పనేనని చెప్పండి. కావాలంటే మంచిరోజు ఆయన్నే చూడమనండి. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పొచ్చు. ఎదురెదురు గోడలు సమాంతరంగా ఉంటే శబ్దం వాటి మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. అందుకే చాలా స్టూడియోల్లో గోడలు కావాలనే ఏటవాలుగా కడతారు. మీకది ఉచితంగా దొరికింది.

ఇరుకు కొసలో మాత్రం కూర్చోకండి, గొంతు గుమ్ముమని మోగినట్టు పడుతుంది. అక్కడ పరుపులు నింపేయండి. గది నట్టనడుమ కూడా వద్దు, కాస్త పక్కకు జరగండి. మైక్ ఎక్కువగా పట్టేది మీ గొంతునూ, మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్నీ. కాబట్టి అన్నిటికన్నా మందమైన పరుపు మీ వీపు వెనక ఉండాలి. కిటికీ మైక్ వీపు వైపు పడేట్టు చూసుకోండి. మైక్‌కూ నోటికీ జానెడు దూరం చాలు. ఫ్యాన్ కట్టేయాలి కనుక విశాఖ ఉక్కలో ఏకబిగిన చదవకండి, ఇరవై నిమిషాలకోసారి బయటికి రండి.

కొనేదైతే డైనమిక్ మైక్ కొనండి. దూరపు చప్పుళ్లను తక్కువగా పడుతుంది, తేమకూ తట్టుకుంటుంది. చిన్న చప్పుడునూ పట్టే సున్నితమైన కండెన్సర్ మైక్ ఇప్పటికే ఉంటే, పనయ్యాక సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి, సముద్రపు తేమ దాన్ని పాడుచేస్తుంది. ఇవన్నీ కొన్నా 60 వేలలో చాలా మిగులుతుంది. అది మీ పేరు మీదే బ్యాంకులో ఉంచండి.

ఒక నెల ఆ రెండు గంటలు పాటించి చూడండి. అప్పటికీ మీ ఆయన కలగజేసుకోకపోతే మళ్లీ రాయండి. అప్పుడు గది సంగతి పక్కనపెట్టి, మీ ఇద్దరి సంగతే మాట్లాడుకుందాం.