నూరు తీగల శృతి: శ్రీనగర్‌లో సూఫియానా నేర్చుకోబోతున్న అమ్మాయికి

చి. అమ్మడూ,

ఆశీస్సులు. ఉస్తాద్ గారు నిన్ను తన ఇంట్లో కూర్చోబెట్టి సూఫియానా (కశ్మీర్ సూఫీ బృందగానం) నేర్పడానికి ఒప్పుకున్నారనీ, ఆయన మనవడితో పాటు నువ్వూ రోజూ సంతూర్ (పుల్లలతో తట్టి వాయించే తీగల వాద్యం) ముందు కూర్చుంటావనీ చదివి ఎంతో సంతోషించాను. నువ్వడిగిన ప్రశ్నలన్నీ వాయించడం గురించే. నేను శృతి దగ్గర మొదలుపెడతాను. ఆ ఇల్లు తరతరాలుగా దాచుకున్నదాంట్లో సగం శృతిలోనే ఉంది. ఎవరూ రాసి పెట్టనిది కూడా అదే.

ముందు ఒక తేడా బాగా గుర్తుపెట్టుకో. హైదరాబాద్ కచేరీల్లో నువ్వు విన్న సంతూర్ వేరు, ఆ ఇంట్లో ఉన్నది వేరు. పండిట్ శివకుమార్ శర్మ గారు 1955లో బొంబాయి వేదిక మీద సంతూర్ వినిపించాక, హిందుస్తానీ రాగాలకు సరిపడేలా దాన్ని మార్చుకుంటూ వచ్చారు. పన్నెండు స్వరస్థానాలూ దొరికేలా అమరిక మార్చారు, ఒక్కో గుర్రం (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్కముక్క) మీద తీగలు తగ్గించారు, పీట తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారు. పండిట్ భజన్ సోపోరి గారు సంతూర్ వంశంలోనే పుట్టి, తరఫ్ తీగలు (తట్టకుండానే తోడుగా మోగేవి), తుంబా (నాదం పెంచే బుర్ర) చేర్చి ఇంకో దారి వేశారు. ఇద్దరూ 2022లోనే వెళ్ళిపోయారు, ఒకరు మే 10న, మరొకరు జూన్ 2న. వాళ్ళ బిడ్డలు ఆ దారుల్లో సాగుతున్నారు. అవి గొప్ప దారులే, కానీ నువ్వు వెళ్తున్నది అక్కడికి కాదు. సూఫియానా సంతూర్‌కి 25 గుర్రాలు, గుర్రానికి 4 తీగలు, మొత్తం 100. వాద్యం చెక్క పీట మీద ఉంటుంది. మంద్రానికి ఇత్తడి, పైకి ఉక్కు తీగలు. అన్నిటికన్నా పెద్ద తేడా ఏమిటంటే ఇక్కడ సంతూర్ ఒంటరిగా మోగదు. బృందాన్ని నడిపించే గాయకుడే దాన్ని వాయిస్తాడు, చుట్టూ సెహ్‌తార్ (సితార్ జాతి తీగవాద్యం), సాజ్-ఎ-కశ్మీర్ (కమానుతో వాయించేది), తాళానికి తబలా ఉంటాయి. ఒకప్పుడు తబలా చోట వసూల్ అనే డోలు ఉండేది. కాబట్టి పాట రాని చేతికి ఆ సంతూర్ లొంగదు. మొదటి మూడు నెలలు కలం పట్టుకోనివ్వకుండా పాడిస్తే నొచ్చుకోకు, అదే సరైన వరస. (వాయించే పుల్లను కలం అంటారు. మనం రాసేదానికీ అదే మాట.)

ఇక శృతి. ఈ సంతూర్‌ను మకామ్‌ను (పాటకు ఆధారమైన స్వరచట్రాన్ని) బట్టి శృతి చేస్తారు. పన్నెండు స్వరాలూ ఒకేసారి తీగల మీద ఉండవు, ఆ మకామ్‌కు కావలసినవే ఉంటాయి. మకామ్ మారితే గుర్రాలు మారవు, తీగలు మళ్ళీ బిగించాలి. లెక్క వేసుకో: తీగకు అర నిమిషం చొప్పున 100 తీగలకు 50 నిమిషాలు, అదీ చేయి తిరిగినవాళ్ళకి. నీకు మొదట్లో రెండు గంటలు పడుతుంది. ఉన్న మకామ్ నుంచి పక్క మకామ్‌కు వెళ్ళేటప్పుడు ఏ స్వరాలు మారుతున్నాయో, అవి ఎన్ని గుర్రాల మీద ఉన్నాయో ముందే కాగితం మీద పెట్టుకుంటే పని తగ్గుతుంది. మూడు గుర్రాలే మారితే ముట్టుకోవలసినవి 12 తీగలే.

ఎలా చేయాలంటే, ఒక గుర్రం తీసుకుని నాలుగు తీగల్లో మూడింటిని మెత్తటి గుడ్డముక్కతో నొక్కిపెట్టు. మిగిలినదాన్ని ఆధారస్వరంతో కలుపు. తర్వాత రెండోదాన్ని వదిలి మొదటిదానితో కలుపు, ఆపైన మూడు, నాలుగు. కలవనప్పుడు నాదం ఊగుతుంది. ఒక తీగ సెకనుకు 220 కంపనాలు, పక్కది 222 అయితే సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. ఊగు నెమ్మదిస్తోందంటే దగ్గరవుతున్నావు, పూర్తిగా ఆగితే కలిసింది. ఎప్పుడూ కింద నుంచి పైకి లాగుతూనే ఆగాలి. స్వరం ఎక్కువైతే కొంచెం వదిలి ఊరుకోకు, కావలసినదానికన్నా కిందికి దించి మళ్ళీ పైకి తీసుకురా. ఎందుకంటే వదిలినప్పుడు బిరడా (తీగను తిప్పి బిగించే మేకు) వైపు తీగ వదులవుతుంది గాని, గుర్రం దగ్గరి రాపిడి వల్ల మోగే భాగంలో బిగువు అలాగే నిలిచిపోతుంది. నాలుగు దెబ్బలు పడగానే అది సర్దుకుని స్వరం దిగిపోతుంది. కలిశాక ప్రతి తీగనూ రెండు మూడుసార్లు గట్టిగా తట్టి చూసి ముందుకు వెళ్ళు.

అందరూ బోల్తాపడేది ఇంకోచోట. చివరి గుర్రం పూర్తిచేసి మొదటిదాని దగ్గరికి వచ్చేసరికి అది దిగిపోయి ఉంటుంది. తీగ చెడ్డదని, బిరడా జారిందని అనుకుంటారు. అది కాదు. నూరు తీగల బరువు పైపలక మీద పడుతుంది, బిగించేకొద్దీ పలక రవ్వంత కుంగుతుంది, ముందు బిగించినవి వదులవుతాయి. అందుకే మూడు చుట్లు తిరగాలి: మొదటిది మొరటుగా, రెండోది దగ్గరగా, మూడోది చెవితో నిదానంగా. ఒక చుట్టుతో సరిపెట్టబోతే పాట మధ్యలో అపశ్రుతి పలుకుతుంది.

ఫోన్‌లోని శృతియంత్రం పచ్చదీపం వెలిగిందని నమ్మకు. అది స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని పన్నెండు సమభాగాలుగా చేసి చూపిస్తుంది, ఆ ఇంటి చెవి అలా కోయదు. ఉస్తాద్ గారు శృతి చేసి లేచాక, వాయించకముందే, ఒక్కో గుర్రాన్నీ కింద నుంచి పైకి ఐదేసి సెకన్లు మోగించి రికార్డు చేసుకో. 25 గుర్రాలకు రెండు నిమిషాలే. తర్వాత యంత్రంతో కొలిచి ఎంత ఎక్కువో ఎంత తక్కువో పుస్తకంలో ఎక్కించు. కొలత గుర్తుకోసమే, శృతి చేయడానికి మాత్రం నీ చెవే. ప్రతి మకామ్‌కూ ఈ రెండు నిమిషాలు దొరికితే, రేపు ఆ మనవడు తాతగారు లేని రోజున కూడా శృతి తిరిగి పట్టుకోగలడు. నీ వల్ల ఆ ఇంటికి జరగగల పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

నీ కర్ణాటక సంగీతం అక్కడ ఎక్కడ సాయపడుతుందో, ఎక్కడ అడ్డు తగులుతుందో చెబుతాను. స్వరజ్ఞానం, తాళం లెక్క సాయపడతాయి. అడ్డు తగిలేవి పేర్లు. మకామ్‌ల జాబితాలో రాస్త్, సెగాహ్, చార్‌గాహ్, ఇరాక్, హుసేనీ వంటి పేర్లతో పాటు కల్యాణ్, తోడి కూడా కనిపిస్తాయి. కనిపించగానే నీ చెయ్యి కల్యాణి స్వరాల మీదికి వెళ్తుంది. మన తోడీ హిందుస్తానీ తోడీ ఒకటేనా? మన తోడి స్వరాలు వాళ్ళ భైరవి థాట్‌వి (థాట్ అంటే రాగాల మూలవర్గం), వాళ్ళ తోడి మన శుభపంతువరాళికి దగ్గర. పేరు ఒకటైనా స్వరాలు వేరయ్యే సంగతి నీకు ఇంటి నుంచే తెలుసు. అదే మెలకువ అక్కడా ఉంచుకో. మకామ్ పేరు వినగానే మేళకర్త నంబరు వేసుకునే అలవాటును కనీసం ఏడాది పక్కన పెట్టు. ఒకసారి రాగం చట్రంలో బిగిస్తే ఆ మకామ్‌లో నిలిచే చోటు, తిరిగే దారి నీకు వినిపించడం మానేస్తాయి.

రెండో అడ్డు గమకం. తీగను లాగి ఊపే వీలు సంతూర్‌లో లేదు. స్వరాన్ని నిలబెట్టడానికి రెండు కలాలతో ఒకే స్వరాన్ని గబగబా తడతారు. ఆ తట్టడం సమంగా ఉండాలి. కుడిచేతి దెబ్బ గట్టిగా, ఎడమది మెత్తగా పడితే నాదం కుంటుతుంది. రోజూ ఎడమచేత్తో మొదలుపెట్టి ఇరవై నిమిషాలు ఒకే గుర్రం మీద, నిమిషానికి 60 లయలో సాధన చెయ్యి. కలం చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య వదులుగా నిలవాలి. మణికట్టు నొప్పి పెడితే బిగించి పట్టుకున్నావని అర్థం.

పాఠం షకల్‌తో మొదలవుతుంది. తాళం లేకుండా మకామ్ రూపం చూపే వాద్యభాగం అది. పొట్టిగా ఉంటుంది కదా అని తొందరపడి దాటకు. మకామ్ నడక మొత్తం అందులోనే ఉంటుంది. షకల్ నోటితో పాడగలిగాకే కలాలు తీసుకో. ఆ తర్వాత పాటలు వరసగా వస్తాయి, తాళాలు మారుతూ. ముఖమ్మస్, నీమ్‌దోర్, దుయెక్, తుర్కీ జర్బ్ వంటి పేర్లు వింటావు. మన ఆది, రూపకాల్లో ఇరికించకు. చేతి లెక్క మానేసి తబలా దెబ్బలను నోటితో అనుకరించు, తాళం మొదలు ఎక్కడో పాట మాట దగ్గర గుర్తుపెట్టుకో. అందరూ ఒకే గొంతుగా పాడతారు కాబట్టి నువ్వు ఒక మాట ముందు ఎత్తుకున్నా వెంటనే తెలిసిపోతుంది. అనుమానం వచ్చిన చోట గొంతు తగ్గించు, ఆపకు.

సాహిత్యం పారసీ, కశ్మీరీ. హాఫిజ్, జామీ, ఖుస్రో వంటివాళ్ళ కవిత్వం పాడతారు. ఇంట్లో చేతిరాత బయాజ్ (పాటల పుస్తకం) ఉంటే ఫొటో తీయడానికి అనుమతి అడుగు. అనుమతి వచ్చినా నీ చేత్తో ఒకసారి ఎత్తిరాసుకో, రాస్తేనే నోటికి వస్తుంది. పారసీ ఉచ్చారణ విషయంలో ఒక జాగ్రత్త. ఇప్పటి టెహ్రాన్ పలుకుబడి నేర్చుకుని ఉస్తాద్ గారి మాటను దిద్దబోకు. ఇరాన్‌లో ఈ, ఊ అయిపోయిన కొన్ని పాత ఏకార ఓకారాలు మన దేశపు పారసీలో అలాగే నిలిచాయి. అచ్చు మారితే పాటలో సాగదీసే చోటే మారిపోతుంది. కశ్మీరీ మాత్రం నీకు ఒకచోట సులువు. హిందీవాళ్ళు తడబడే ‘ౘ’ మన నోట్లో ఉన్నదే. చలి, చాప, చుక్కలో పలికే దంత్య చకారం. నాలుగు ‘ౘోర్’, అయిదు ‘పాంౘ్’, ఆపిల్ పండు ‘ౘూంఠ్’. కానీ అక్కడి మధ్యస్థ అచ్చులకు (నాలుక నోటి మధ్యలో ఉంచి పలికేవాటికి) మన లిపిలో గుర్తులు లేవు. వాటికి నీ సొంత గుర్తు ఒకటి పెట్టుకుని మొదటి పేజీలోనే దాని అర్థం రాసిపెట్టు. లేకపోతే ఆరు నెలల తర్వాత నీ రాత నీకే తప్పు నేర్పుతుంది.

రికార్డింగుకు ముందు అనుమతి తీసుకో, ఏ పాట బయటికి పోకూడదో కూడా అడుగు. స్టీరియోలో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు పెట్టు. గంటకు ఒక గిగాబైటు అవుతుంది. ఫోన్లో కుదించిన ఫైలుగా తీస్తే సంతూర్ అనునాదం నలిగిపోతుంది. మైకును సంతూర్ ముందు పెట్టకు, నూరు తీగలు సెహ్‌తార్‌నూ గొంతునూ మింగేస్తాయి. గాయకుడి ఎదురుగా అయిదడుగుల దూరంలో ఒకటి, సెహ్‌తార్ వైపు ఇంకొకటి పెట్టు. సాజ్-ఎ-కశ్మీర్ వాయించేవాళ్ళు ఇప్పుడు బహు కొద్దిమంది. అది మోగిన రోజున దానికంటూ మూడో మైకు పెట్టు. మొదట్లో తేదీ, మకామ్, తాళం, పాట తొలి పాదం నోటితో చెప్పు. పాట తుంచి తీయకు, వరస మొత్తం తియ్యి. ఏ పాట తర్వాత ఏది వస్తుందన్నదీ విద్యలో భాగమే. ప్రతులు మూడు: ఒకటి ఆ ఇంట్లో, ఒకటి నీ దగ్గర, ఒకటి లోయ బయట. 2014 సెప్టెంబరు వరదలో జీలం శ్రీనగర్ ఇళ్ళ కింది అంతస్తులను ముంచేసింది. ఒకే చోట ఉంచిన కాగితమూ టేపూ ఏమవుతాయో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు.

డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లా-ఎ-కలాన్, అంటే అక్కడి గడ్డు చలికాలం. గదిలో బుఖారీ (గది వేడిచేసే పొయ్యి) వెలుగుతుంది, గాలి పొడిబారుతుంది, చెక్క ముడుచుకుని శృతి దిగుతుంది, పలక చీలే ప్రమాదమూ ఉంటుంది. సంతూర్‌ను బుఖారీకి దూరంగా, గోడకు ఆనించకుండా ఉంచు. తేమ కొలిచే చిన్న యంత్రం కొనుక్కో, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. బిరడా జారితే సుత్తితో దిగగొట్టకు, చెక్క పగులుతుంది. కొంచెం లావు బిరడా వేయించాలి. తీగ తెగితే పాతదాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి అదే మందం తెచ్చుకో. కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది, ఆ రోజుల్లో బయట పాడే పని పెట్టుకోకు. ప్రయాణానికి తీగలన్నీ సమంగా ఒక స్వరం దించు గాని పూర్తిగా వదలకు. గుర్రాలను జిగురుతో అతికించరు, తీగల బరువే వాటిని నిలబెడుతుంది. వదిలావంటే పడిపోతాయి. అవి నిలిచిన చోట పెన్సిల్‌తో సన్నని గీత గీయడానికి ఉస్తాద్ గారు ఒప్పుకుంటే ఇంకా మంచిది.

ఆడపిల్లవని ఎవరైనా అంటారేమోనని రాశావు. ఒకప్పుడు హాఫిజాలనే కళావంతులైన స్త్రీలు సూఫియానా పాడి ఆడినవాళ్ళే. ఇప్పుడు బందీపొరా జిల్లాలో అమ్మాయిలు బృందంగా పాడుతున్నారు. ఆ మాట మీద బెంగ వద్దు.

వెళ్ళిన వారంలోపు ఆ సంతూర్ కొలతలు తీసి పంపు: పై అంచు, కింది అంచు, ఎత్తు, ఒక్కో గుర్రం నుంచి కుడి అంచుకు దూరం, ప్రతి వరసలో తీగల మందం. అవి చేరగానే కావలసిన ఉక్కు, ఇత్తడి తీగలు చుట్టలుగా ఇక్కడి నుంచే పంపిస్తాను.

మీ మామయ్య